సంత విడిచి అరుగు మీదికి



పిల్లలను మదర్సాలో దించడానికి వచ్చే తల్లిదండ్రులతో మాట్లాడుతున్నప్పుడు ఈ మధ్య ఒకే విషయం పలు రూపాల్లో ముందుకు వస్తున్నది. ఒక తండ్రి, “ఫేస్‌బుక్‌ మానేయాలని ఉంది ఉస్తాద్‌, కానీ మానేస్తే లోకంతో తెగిపోతామేమో” అన్నారు. డిగ్రీ చదివే ఒక యువకుడు, “ఎక్స్‌లో మనవాళ్ళపై రోజంతా బురద చల్లుతుంటే మనమే తప్పుకోవడం పిరికితనం కాదా?” అని అడిగాడు. ఒక తల్లి ఆవేదన ఇంకా లోతైనది: “మా అమ్మాయి తన ఫొటోలన్నీ తీసేసింది, ఖాతా మూసేసింది. ఇంత చదువుకున్న పిల్ల నోరు మూసుకుని కూర్చోవలసిందేనా?”

ఈ మూడు ప్రశ్నలకూ ఒక్క మాటలో ‘మానేయండి’ అనో, ‘మానకండి’ అనో జవాబు చెప్పడం సులభం. అయితే అది జవాబు కాదు. మనం దేనిని విడిచిపెడుతున్నామో, ఎక్కడికి వెళ్తున్నామో ముందు తెలుసుకోవాలి.

రంగుకు ధర పలికే చోట

బెల్లం మన ప్రాంతపు పంట గనుక ఆ ఉదాహరణే చెబుతాను. బుచ్చయ్యపేట, చోడవరం వైపు రైతు వండిన బెల్లం అనకాపల్లి మార్కెట్టుకు వెళ్తుంది. అక్కడ దిమ్మ రంగును బట్టి ధర పలుకుతుంది. నల్లగా ఉన్న దిమ్మ రుచిలో ఎంత మేలైనదైనా వెనుకబడుతుంది. అందువల్లనే పాకంలో హైడ్రోస్‌ వంటి రసాయనాలు కలిపి పచ్చని మెరుపు తెచ్చే అలవాటు పుట్టింది. రైతు చెడ్డవాడై అలా చేయలేదు. రంగుకు ధర పలికే చోట రంగు కలిపేవారు తప్పకుండా తయారవుతారు.

పెద్ద సామాజిక మాధ్యమాల్లో జరుగుతున్నదీ ఇదే. అవి ప్రకటనల ఆదాయంపై నడుస్తాయి. మనం ఎంతసేపు ఉంటే వాటికి అంత లాభం. కనుక మనకు ఏది ముందు కనిపించాలో నిర్ణయించే యంత్రం, ఏది సత్యమో చూడదు, ఏది మనల్ని కదలకుండా కూర్చోబెడుతుందో చూస్తుంది. మనిషిని కదలకుండా కూర్చోబెట్టే గుణం కోపానికి ఉన్నంతగా మరి దేనికీ లేదు.

ఇది నా ఊహ కాదు. ఫేస్‌బుక్‌ సంస్థలో పనిచేసిన ఫ్రాన్సెస్‌ హాగెన్‌ 2021లో ఆ సంస్థ అంతర్గత పత్రాలను బయటపెట్టారు. కోపాన్ని తెలిపే ఎర్రని ముఖపు గుర్తుకు 2017 నుండి కొంతకాలంపాటు మామూలు ‘లైక్‌’ కంటే 5 రెట్లు విలువ కట్టారని వాటి ద్వారా వెల్లడైంది. స్నేహితుల మధ్య సంభాషణను పెంచుతామంటూ 2018లో తెచ్చిన మార్పు చివరకు తగవులు పెట్టే రాతలకే ఊతమిచ్చిందని ఆ సంస్థ సొంత పరిశోధకులే రాసుకున్నారు. 2019 ఫిబ్రవరిలో సంస్థ ఉద్యోగి ఒకరు పరీక్ష కోసం కేరళలో నివసించే వ్యక్తి పేరిట కొత్త ఖాతా తెరిచారు. యంత్రం చూపినవాటిని అనుసరించడం తప్ప ఆ ఖాతా మరేమీ చేయలేదు. మూడు వారాలు తిరిగేసరికి అది ద్వేషంతో, అబద్ధాలతో, శవాల చిత్రాలతో నిండిపోయింది. ఎవరినీ తిట్టకుండా, ఎవరితోనూ తగవు పెట్టుకోకుండా ఊరికే కూర్చున్నవాడి ఒళ్ళోకి ఇదంతా వచ్చి పడింది!

మన ఇళ్ళకు తగిలిన దెబ్బ

ముస్లిం కుటుంబాలకు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 2020 మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్‌ మర్కజ్‌ వార్త వచ్చినప్పుడు, ఒక వ్యాధిని ఒక సమాజానికి అంటగట్టే నినాదాలు ట్విట్టర్‌లో రోజుల తరబడి పైవరుసలో నిలిచాయి. పండ్ల బండివాడిని పేరు అడిగి మరీ పంపేసిన రోజులవి. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్‌ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని చెప్పింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 2న, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన జస్టిస్‌ ఎన్‌.వి. రమణ ఇదే అంశంపై విచారణలో, వార్తలకు మతం రంగు పులమడం గురించీ, సామాజిక మాధ్యమాలకు జవాబుదారీ లేకపోవడం గురించీ తీవ్రంగా వ్యాఖ్యానించారు. న్యాయస్థానం మాట వచ్చేసరికి పుకారు ఊరూరా తిరిగి రావడం కూడా అయిపోయింది.

ఇంతకంటే నీచమైనది స్త్రీల విషయంలో జరిగింది. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ముస్లిం మహిళల ఫొటోలను వారి సామాజిక ఖాతాల నుండి తీసుకుని, ‘వేలం’ పేరిట యాప్‌లలో పెట్టారు. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు ఆ జాబితాల్లో ఉన్నారు. రెండవ జాబితాలో హైదరాబాదుకు చెందిన, 60 ఏళ్ళు దాటిన సామాజిక కార్యకర్త కూడా ఉన్నారు. పోలీసులు పట్టుకున్నవారిలో పందొమ్మిది, ఇరవై ఏళ్ళ విద్యార్థులు ఉండడం మరొక విషాదం. ఆ తరువాత పలువురు స్త్రీలు తమ ఖాతాలు మూసివేశారు. పైన ప్రస్తావించిన తల్లి ఆవేదనకు వెనుక ఉన్న భయం ఇదే.

అయితే న్యాయంగా మాట్లాడాలంటే ఈ దోషం అవతలివారిది మాత్రమే కాదు. కరోనా టీకాలో పంది కొవ్వు ఉందనే పుకారును మన సమూహాల్లో ఒకరి నుండి ఒకరికి పంపినది మనవారే. కోవిషీల్డ్‌లో గానీ, కోవాగ్జిన్‌లో గానీ అలాంటిదేమీ లేదు. వార్త తెచ్చినవాడి నడతను చూసి, విచారించుకుని మరీ నమ్మాలని దివ్య ఖుర్‌ఆన్‌ అల్‌ హుజురాత్‌ అధ్యాయంలో ఆదేశించింది. తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదనేదే అక్కడ చెప్పిన కారణం. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషిని అబద్ధాలకోరును చేయడానికి చాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఒక్క వేలి తాకిడితో వార్త వంద ఇళ్ళకు చేరే ఈ కాలంలో ఆ హెచ్చరిక బరువు ఎంత పెరిగిందో ఆలోచించండి.

పేరు మారితే సంత మారదు

ఇక వెళ్ళిపోవడం గురించి. జనం ఒక వేదికను విడిచి మరొకదానికి తరలిపోవడం ఇదివరకు ఎన్నోసార్లు జరిగింది. మన యువత మొదట చేరిన పెద్ద వేదిక ఆర్కుట్‌ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అందరూ అప్పటికే ఫేస్‌బుక్‌కు మారిపోయారు. 2019 నవంబరులో, సుప్రీం కోర్టు సీనియర్‌ న్యాయవాది సంజయ్‌ హెగ్డే ఖాతాను ట్విట్టర్‌ నిలిపివేసినందుకు నిరసనగా వేలాది భారతీయులు మాస్టొడాన్‌ అనే చిన్న వేదికల కూటమికి వెళ్ళారు. 2021 జనవరిలో వాట్సాప్‌ తన గోప్యతా నియమాలను మార్చబోతున్నదని తెలిసి కోట్లమంది సిగ్నల్‌, టెలిగ్రామ్‌లను తెచ్చుకున్నారు. 2022 అక్టోబరులో ట్విట్టర్‌ యజమాని మారినప్పుడు మాస్టొడాన్‌ను నెలకు వాడేవారు సుమారు 3 లక్షల నుండి 25 లక్షలకు పెరిగారు.

అలా వెళ్ళినవారిలో చాలామంది కొన్ని వారాలకే వెనక్కి వచ్చారు. ఎందుకంటే వారు కొత్త చోటులోనూ పాత సందడినే వెతుక్కున్నారు. ఆ సందడి లేకపోయేసరికి చోటే బాగాలేదనుకున్నారు. మన దేశంలోనే పుట్టి, తెలుగులోనూ రాసుకునే వీలు కల్పించిన ‘కూ’ సంగతి చూడండి. 2020లో మొదలై, ఎంతో ఆర్భాటంతో పెరిగి, 2024 జూలైలో మూతపడింది. అది పెద్ద సంతకు పోటీగా పెట్టిన మరొక పెద్ద సంత. లైకులు, అనుచరుల లెక్కలు, నినాదాల వరుసలు అన్నీ అక్కడా ఉన్నాయి. దుకాణం పేరు మారినంత మాత్రాన బేరసారాల పద్ధతి మారదు.

కాబట్టి ‘ఏ యాప్‌కు వెళ్ళాలి?’ అనే ప్రశ్నకు ముందు, ‘ఎలాంటి మజ్లిసులో కూర్చోవాలి?’ అని అడగాలి.

తెలుగువారికి అరుగు కొత్త కాదు

మన పల్లెల్లో వారానికి ఒకరోజు సంత ఉంటుంది, ప్రతి ఇంటి ముందూ అరుగు ఉండేది. సంతకు అవసరం మేరకు వెళ్తాం, కొనేది కొని, అమ్మేది అమ్మి తిరిగి వస్తాం. రాత్రింబవళ్ళు సంతలోనే కాపురం పెట్టిన కుటుంబం లేదు. అరుగు మీద మాట వేరు. అక్కడ కూర్చున్నవారు ఒకరికొకరు తెలుసు. ఎవరైనా హద్దు మీరితే ఇంటి యజమాని మందలిస్తాడు. చీకటి పడితే లేచి వెళ్తారు.

ఇంటర్‌నెట్‌లో తెలుగువారు మొదట కట్టుకున్నవి కూడా అరుగులే. అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ ఉన్న తెలుగు సాహిత్యాభిమానులు 1990ల చివర ‘రచ్చబండ’ పేరిట ఈమెయిల్‌ ద్వారా నడిచే చర్చా బృందాన్ని పెట్టుకున్నారు. తరువాత 2005 మొదలుకొని కొన్నేళ్ళపాటు తెలుగు బ్లాగులు వికసించాయి. ‘కూడలి’ అనే చోట వాటి కొత్త రాతలన్నీ ఒక జాబితాగా కనిపించేవి. ఎవరు ఎప్పుడు రాస్తే ఆ వరుసలోనే. కోపగించినవాడిని పైకి, నెమ్మదస్తుడిని కిందికి తోసే యంత్రం ఏదీ లేదు.

వాటిలో నేటికీ నిలిచి ఉన్నది తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో ఆరంభమైంది. అక్కడ సముదాయం కూర్చుని మాట్లాడుకునే పుట పేరు కూడా ‘రచ్చబండ’యే! మన బుచ్చయ్యపేట మండలానికి అందులో పుట ఉన్నది. 2022 ఏప్రిల్‌ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినప్పుడు ఇలాంటి పుటల్లో జిల్లా పేరు సవరించినవారు జీతం తీసుకునే ఉద్యోగులు కారు, స్వచ్ఛందంగా పనిచేసే తెలుగువారు. అక్కడ రాసే మాటకు ఆధారం చూపాలి. ఎవరు ఏమి మార్చారో చరిత్రలో నిలిచి ఉంటుంది. అభిప్రాయభేదం వస్తే చర్చా పుటలో తేల్చుకుంటారు. లైకులు లేవు, అనుచరులు లేరు, ముఖచిత్రం పెట్టవలసిన పని లేదు. కలం పేరుతోనే సంవత్సరాల తరబడి రాసేవారు ఉన్నారు.

2016లో జర్మనీకి చెందిన యూజెన్‌ రోచ్కో అనే యువకుడు ఆరంభించిన మాస్టొడాన్‌ పద్ధతి కూడా గ్రామాల కూటమి వంటిదే. ప్రతి సర్వరూ ఒక ఊరు. ఆ ఊరి నియమాలు ఆ ఊరివి, పెద్దలు ఎవరో అందరికీ తెలుసు. ఒక ఊరివాడు మరొక ఊరివాడితో మాట్లాడవచ్చు. నచ్చకపోతే తన అనుచరులతో సహా మరొక ఊరికి తరలిపోవచ్చు. ప్రకటనలు లేవు. రాతలు కాలక్రమంలో వస్తాయి. అందరూ అక్కడికే వెళ్ళాలని నేను చెప్పడం లేదు. వేరే రకంగా కట్టిన ఇళ్ళు కూడా ఉన్నాయని తెలియడం ముఖ్యం.

తప్పుకోవడం పిరికితనమా?

ఇప్పుడు ఆ యువకుడి ప్రశ్నకు వద్దాం. జనంతో కలిసి జీవిస్తూ వారి వల్ల కలిగే బాధను సహించే విశ్వాసి, జనానికి దూరంగా ఉండేవాని కంటే మేలైనవాడని దైవప్రవక్త (స) ప్రవచనం ఉన్నది. అలాగే, దైవవాక్యాలను అపహాస్యం చేసేవారు మరో ప్రసంగంలోకి వెళ్ళేవరకు వారితో కూర్చోవద్దని ఖుర్‌ఆన్‌ ఆదేశం కూడా ఉన్నది. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. మొదటిది మనుషులను విడిచిపెట్టవద్దంటున్నది. రెండవది చెడు ముచ్చట సాగే సభను విడిచిపెట్టమంటున్నది. మనుషులు, సభ ఒకటి కావు. ఇరుగుపొరుగు హిందూ సోదరులతో, తోటి విద్యార్థులతో, పొలం గట్టు పంచుకునేవారితో సంబంధం తెంచుకోవడం తప్పు. తిట్ల పోటీ సాగే తెర ముందు నుండి లేవడం తప్పు కాదు.

ఇమామ్‌ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) జీవితం ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఆయన బాగ్దాద్‌ నిజామియా మదర్సాలో ఆ కాలపు అత్యున్నత పీఠంపై ఉన్నారు. వందలాది శ్రోతలు, రాజదర్బారులో గౌరవం, దేశదేశాల కీర్తి. 1095లో ఆ పీఠాన్ని విడిచి వెళ్ళిపోయారు. తాను బోధించేది అల్లాహ్‌ కోసమా, పేరు కోసమా అనే శంక ఆయనను నిలవనీయలేదు. అయితే ఆయన శాశ్వతంగా మౌనం వహించలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లోనే ‘ఇహ్యా ఉలూముద్దీన్‌’ వెలువడింది. అందులో ఏకాంతవాసపు లాభాలనూ, నష్టాలనూ తూకం వేస్తూ ఒక ప్రత్యేక భాగమే ఉన్నది. 1106లో నీషాపూర్‌లో మళ్ళీ బోధించారు. చివరకు స్వస్థలమైన తూస్‌లో కొద్దిమంది శిష్యులతో గడిపారు. పెద్ద వేదికను విడిచినందువల్ల ఆయన మాట చిన్నదైపోయిందని ఎవరూ అనలేరు.

యువకులకు నేను చెప్పేది ఇది. అబద్ధాన్ని ఖండించడం అవసరమే. దానికి చట్టం తెలిసినవారు, ఆధారాలు సేకరించగలవారు, నిగ్రహం ఉన్నవారు ముందుకు రావాలి. అలాంటివారు ఆ సంతలో ఉండనివ్వండి, వారికి దుఆ చేయండి. కానీ మనలో ఎక్కువమంది చేసేది ఖండన కాదు, ఆ అబద్ధాన్ని కోపంతో మరింతమందికి చూపించడం. మన కోపపు గుర్తు కూడా ఆ రాతను పైకి ఎత్తినదే గదా!

ఆ తల్లికి చెప్పేది వేరు. అమ్మాయి ఖాతా మూసినందుకు ఆమెను నిందించవద్దు. అవమానించినవాడే దోషి. ఫొటో దుర్వినియోగమైతే దాచిపెట్టకుండా జాతీయ సైబర్‌ నేరాల ఫిర్యాదు పోర్టల్‌లో నమోదు చేయండి. స్త్రీలపై, పిల్లలపై జరిగే నేరాలకు అందులో ప్రత్యేక విభాగం ఉన్నది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం వేదికలు కూడా ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఆధారంగా తెరచిత్రాలు తీసి ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె నోరు మూసుకోనివ్వకండి. ముఖం చూపకుండానే మాట చెప్పగల చోట్లు ఉన్నాయి. తెలుగు వికీపీడియాలో రాయవచ్చు. పదిమంది చదువుకున్న అమ్మాయిలు కలిసి పఠన బృందం పెట్టుకోవచ్చు. ఇలాంటి పత్రికలకు రాయవచ్చు. ఆమె ఒక సంతను విడిచింది. ఆమె విద్యను మనం మూలపడేయకుండా ఉంటే చాలు.

అరుగుకూ మర్యాద కావాలి

చిన్న చోటు కదా అని నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు వచ్చారనే పుకారు దేశంలో ఎందరో అమాయకుల ప్రాణాలు తీసింది. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని గుంపు కొట్టి చంపింది. ఇలాంటి పుకార్లు మోసినవి చాలావరకు వాట్సాప్‌లో బంధువుల, స్నేహితుల చిన్న సమూహాలే. తెలిసినవాడు పంపాడన్న నమ్మకమే వాటికి బలం. ఆ తరువాత వాట్సాప్‌ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపే వీలు లేకుండా చేసింది. మన పొరుగున తెలంగాణలోని గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గ్రామగ్రామానికి పోలీసులను పంపి, జానపద కళాకారులతో పాటలు పాడించి, ప్రజలకు ఎదురుగా కూర్చుని ఆ పుకారును తొలగించారు. తెరపై పుట్టిన రోగానికి మందు ముఖాముఖి మాటలో దొరికింది.

అందుచేత అరుగు కట్టేవారు కొన్ని మర్యాదలు పాటించాలి. మా మదర్సా తల్లిదండ్రుల సమూహంలో అనుభవం మీద నిలిచిన నియమాలు ఇవి.

మొదటిది, సమూహానికి ఒక పని ఉండాలి. పిల్లల చదువు కోసమైతే చదువు గురించే. పని లేని సమూహం త్వరలోనే పుకార్ల గూడు అవుతుంది.

రెండవది, పెద్ద ఎవరో తెలియాలి. హద్దు మీరినవారిని అందరిముందూ అవమానించకుండా విడిగా పిలిచి చెప్పగల వ్యక్తి కావాలి.

మూడవది, ఎవరో పంపినదాన్ని యథాతథంగా పంపకూడదు. చెప్పదలచినది సొంత మాటల్లో, ‘నేను చూశాను’, ‘ఫలానావారి నుండి విన్నాను’ అని చెప్పాలి. ఈ ఒక్క నియమంతోనే సందేశాలు సగానికి పైగా తగ్గాయి.

నాలుగవది, అక్కడ లేని మనిషి గురించి మాట రాకూడదు. చాటుమాటు నింద (గీబత్‌) చేయడం చచ్చిన సోదరుని మాంసం తినడంతో సమానమని ఖుర్‌ఆన్‌ చెప్పింది. సమూహం ఎంత చిన్నదైతే ఈ ప్రలోభం అంత పెద్దది.

ఐదవది, ఇషా నమాజు తరువాత అరుగు ఖాళీ కావాలి. ఎవరికైనా ప్రాణాపాయం ఉంటే ఫోన్‌ చేస్తారు.

ఆరవది, ఒకే రకం ఆలోచనగలవారే చేరకుండా చూసుకోవాలి. భిన్నంగా చెప్పేవాడిని తొలగించుకుంటూ పోతే మిగిలేది అరుగు కాదు, నాలుగు గోడలు.

వెళ్ళే విధానం

ఖాతాను ఒక్క రోజు ఆవేశంలో మూసినవారు మరుసటి వారం మళ్ళీ తెరుస్తారు. నిదానంగా వెళ్ళండి. మొదట మీ ఫొటోలను, రాతలను దించుకునే వీలును ఆ వేదికే ఇస్తుంది, దాచుకోండి. అక్కడ తప్ప మరెక్కడా దొరకని బంధుమిత్రుల ఫోన్‌ నంబర్లు రాసుకోండి. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో, అన్నతో మాట్లాడడానికి వేరే దారి ముందే ఏర్పాటు చేసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. ఫోన్‌ నుండి యాప్‌ తీసివేసి, నలభై రోజులు ఖాతాను అలాగే ఉంచి చూడండి. ఆ నలభై రోజుల్లో దేని కోసం నిజంగా వెనక్కి వెళ్ళవలసి వచ్చిందో రాసుకోండి. వ్యాపారం కోసమో, ఉద్యోగం కోసమో అవసరమని తేలితే సంతకు వెళ్ళినట్లే వెళ్ళి రండి. ఆ అవసరం కూడా లేదని తేలితే నిశ్చింతగా మూసివేయండి.

ఇక మొదటి తండ్రి ప్రశ్న, లోకంతో తెగిపోతామేమో అన్నది. వడ్డాది కూడలిలో టీ తాగే నలుగురి పేర్లు, మస్జిదులో మన పక్కన నిలబడే మనిషి ఇంటి కష్టం, ఎదురింటి వృద్ధురాలి మందుల సంగతి మనకు తెలుసా? తెలిస్తే లోకంతో తెగిపోయినట్లు కాదు. తెలియకపోతే ఐదు వేలమంది ‘ఫ్రెండ్స్‌’ ఉన్నా తెగిపోయినట్లే.

ఈ నెలలో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని, ఎవరెవరు ఏయే సమూహాల్లో ఉన్నారో, ఏది ఎందుకు అవసరమో మాట్లాడుకోండి. పిల్లల ఫోన్‌ చూడడానికి ముందు మీ ఫోన్‌ వారికి చూపించండి. మీరు ఏమి విడిచారో, ఏమి నిలుపుకున్నారో నాకు రాయండి. మన నాలుకలను, మన వేళ్ళను కూడా అల్లాహ్‌ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్‌.